రెండో పైలట్ ఎందుకు?

పోయిన శనివారం మా తరగతిలో సైన్స్ సారు డిబేటు పెట్టారు. విమానానికి ఇద్దరు పైలట్లు కావాలా, ఒక్కరు చాలా అని. ఇద్దరు కావాలన్న మా పక్షం ఓడిపోయింది. లేచి నిలబడితే నాకు కాళ్ళు వణికి సగం మాటలు రాలేదు. అవి ఇక్కడ రాస్తున్నాను. మనలో ఎవరం విమానం ఎక్కలేదు, కొండ మీద తెల్లగీత చూడడమే. అయినా చదవండి.

అవతలి పక్షం వాళ్ళు లెక్క చెప్పారు. 2022లో మన దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు, విమానాల్లో పోయేవాళ్ళు దాని ముందు ఎంత? పైగా ఎక్కువసేపు యంత్రమే నడుపుతుంది, రెండో మనిషికి జీతం దండగ అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. కానీ ఆ లెక్కలో ఉన్న పెద్ద విమానాల్లో ఇద్దరు పైలట్లు కూర్చుని ఉన్నారు కదా! ఇద్దరుంటే వచ్చిన లెక్క చూపించి ఒకరు చాలంటే ఎలా? దోమతెర కట్టుకుని పడుకుని, జ్వరం రాలేదు కాబట్టి దోమతెర తీసేద్దాం అన్నట్టుంది.

1990 జూన్ 10న ఇంగ్లండులో ఒక విమానం 17 వేల అడుగుల పైన పోతుంటే కెప్టెన్ ముందు అద్దం ఊడిపోయింది. గాలి ఆయన్ని నడుము దాకా బయటికి లాగేసింది. లోపలివాళ్ళు ఆయన కాళ్ళు గట్టిగా పట్టుకున్నారు. కో-పైలటే విమానాన్ని సౌతాంప్టన్‌లో దింపాడు. 87 మందీ బతికారు, ఆ కెప్టెన్ కూడా!

వాళ్ళు 2015 సంగతి తెచ్చారు. మార్చి 24న ఫ్రాన్సు కొండల్లో కో-పైలటే కావాలని విమానాన్ని కూల్చాడు, 150 మంది పోయారు. నిజమే, ఒప్పుకుంటాను. కానీ కెప్టెన్ బయటికి వెళ్ళాక తలుపు తెరవకుండా చేశాడు. అంటే ఆ సమయంలో లోపల ఒక్కడే ఉన్నాడు.

నాకు ఎక్కువ బాధేసింది మంగళూరు గురించి చదివినప్పుడు. 2010 మే 22న దుబాయి నుంచి వచ్చిన విమానం. కెప్టెన్ దారిలో చాలాసేపు నిద్రపోయాడని విచారణలో తేలింది. దిగేటప్పుడు విమానం ఉండాల్సిన దానికంటే ఎత్తులో ఉంది. దిగొద్దు, మళ్ళీ తిరిగి వద్దాం అని కో-పైలట్ ఒక్కసారి కాదు చెప్పింది. కెప్టెన్ వినలేదు. కొండ మీది రన్‌వే దాటి లోయలో పడింది. 166 మందిలో 158 మంది చనిపోయారు. పెద్దవాడు తప్పు చేస్తుంటే గట్టిగా చెప్పడం, పెద్దవాడు వినడం, రెండూ పైలట్లకి పాఠంలాగ నేర్పుతారట. మనకి ఎవరు నేర్పుతారు?

నేను మా గదికి రెండో లీడర్ని. వానాకాలంలో ఒక రాత్రి ఆరో తరగతి చెల్లికి ఒళ్ళు కాలిపోతోంది, వణికిపోతోంది. "మేడంని లేపుదామక్కా" అన్నాను లీడర్ అక్కతో. "పొద్దున చూద్దాంలే, లేపితే తిడతారు" అంది. నేను ఊరుకున్నా. ఇంకో దుప్పటి కప్పి పడుకున్నా. తెల్లారి రక్తం తీస్తే మలేరియా. నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉండి వచ్చింది. ఇప్పుడు బాగానే ఉంది, ఈ పక్కన విమానం బొమ్మ తనే వేసింది. అక్క మీద నాకు కోపం లేదు. నేను మాత్రం ఒక్కసారే చెప్పాను.

వార్డెన్ మేడం గారికి ఒక మనవి. రాత్రి ఎవరికైనా జ్వరమొస్తే లీడర్ని అడగకుండా రెండో లీడర్ కూడా వచ్చి తలుపు కొట్టొచ్చని నోటీసు బోర్డులో రాయించండి. లేపినందుకు తిట్టరని కూడా రాయించండి. మీరు తిట్టరని నాకు తెలుసు, చిన్నపిల్లలకి తెలియదు.

— 9వ తరగతి విద్యార్థిని