పెన్న లోయ అంచున ఎవరికి గది?

జనవరి నెల, ఆదివారం తెల్లవారుజాము. ఐదున్నరకే గండికోట బండల మీద చోటు లేదు. బెంగళూరు నుంచి రాత్రికి రాత్రి కార్లలో వచ్చిన కుర్రాళ్లు లోయ అంచున దుప్పట్లు కప్పుకుని కూర్చున్నారు. వెనక గుడారాల్లోంచి మరికొందరు ఫోన్లు పట్టుకుని వస్తున్నారు. మూడు వందల అడుగుల కింద పెన్న నీళ్లు ఇంకా నల్లగానే ఉన్నాయి. వాళ్లందరికీ కొంచెం ఎడంగా ఒక ముసలామె చెప్పులు విడిచి, చల్లటి బండ మీద వట్టి కాళ్లతో నిలబడి తూర్పుకు చేతులు జోడించింది. మహానంది, అహోబిలం చూసుకుని ఊరివాళ్లతో కలిసి మినీ బస్సులో వచ్చిందట. రాత్రి ఎక్కడ పడుకున్నారమ్మా అని అడిగాను.

"బస్సులోనే నాయనా. మనట్లాంటోళ్లు పండుకునే తావు ఇక్కడ యాడుంది?" అంది.

తిరిగి జమ్మలమడుగుకు వచ్చేటప్పుడు ఆటో అతను ఇంకో మాట అడిగాడు. గండికోట జలాశయం కింద మునిగిపోయిన ఊళ్లలో అతనిదీ ఒకటి. "పెద్ద హోటలు వస్తాదంట గదా సార్. రానీండి, మంచిదే. మా పిల్లోళ్లకు పనిస్తారా, మనుషుల్ని గూడా పైనుంచే తెచ్చుకుంటారా?"

ఇద్దరికీ నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆ జవాబు కోసమే.

హోటలు మాట నిజమే. 2023 జూలై 9న అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డి గండికోటలో ఒబెరాయ్ సంస్థ హోటలుకు శంకుస్థాపన చేశారు. తిరుపతి, విశాఖపట్నం హోటళ్లకు కూడా అక్కణ్నుంచే వర్చువల్‌గా చేశారు. తరవాత ప్రభుత్వం మారింది. 2024 నవంబరులో కేంద్రం దేశం మొత్తం మీద 40 పర్యాటక ప్రాజెక్టులకు 50 ఏళ్ల వడ్డీ లేని రుణం మంజూరు చేసినప్పుడు అందులో గండికోటకు 77.91 కోట్ల రూపాయలు వచ్చాయి. అంటే ఏ పార్టీ ఉన్నా గండికోట మీద ఆశ మారలేదు. ప్రొద్దుటూరులో పెరిగినవాణ్ని, నాకూ ఆ ఆశ ఉంది. మా చిన్నప్పుడు గండికోటకు పోవడమంటే సద్ది మూట కట్టుకుని, పొద్దుగూకేలోగా ఇల్లు చేరాలని లెక్కేసుకుని పోవడం. అక్కడ రాత్రి ఉండాలన్న ఊహ కూడా ఎవరికీ వచ్చేది కాదు.

ఇలాంటి చోటే ఇంకొకటి ప్రపంచంలో ఉంది. స్పెయిన్ దక్షిణాన, ఎండ మండే అండలూసియాలో, రోండా అనే ఊరు. ఊరి నడుమ గ్వాదలెవీన్ అనే చిన్న నది రాతిని నిలువునా కోసింది. ఆ లోయ మీద 1793లో పూర్తయిన వంతెన ఎత్తు 98 మీటర్లు, మన పెన్న లోయ లోతుకు దాదాపు సమానం. ఊళ్లో అరబ్బుల కాలపు స్నానఘట్టాలు, మసీదు ఉన్న చోట లేచిన చర్చి ఉన్నాయి. గండికోటలో మాధవరాయ స్వామి గుడి, జామా మసీదు ఒకే కోటలో నిలిచి ఉన్నాయి. రోండా ఫొటోలు మొదటిసారి చూసినప్పుడు, ఎవరో మన లోయ అంచున తెల్లటి ఇళ్లు పేర్చినట్టు అనిపించింది.

రోండాలో ముందు వచ్చింది రైలు. జిబ్రాల్టర్ పక్కనున్న అల్గెసిరాస్ నుంచి ఇంగ్లీషు కంపెనీ ఒకటి వేసిన రైలుమార్గం 1892 నాటికి రోండాను దాటింది. ఆ రైలు ఎక్కే ప్రయాణికుల కోసం 1906లో లోయ అంచున రీనా విక్టోరియా హోటలు వెలిసింది. జర్మన్ భాషా కవి రిల్కే 1912 చివర వచ్చి ఆ చలికాలమంతా అందులోనే ఉన్నాడు. మన దగ్గర నంద్యాల-ఎర్రగుంట్ల రైలు దారి 2016లో తెరుచుకుంది, జమ్మలమడుగుకు స్టేషను వచ్చింది. కడపలో విమానాశ్రయం ఉంది. కర్నూలు పక్కన ఓర్వకల్లు విమానాశ్రయం 2021 మార్చిలో మొదలైంది. దారులు పడ్డాయి. హోటలు రావాల్సిన వేళ ఇదే.

రైలుకన్నా, విక్టోరియా హోటలుకన్నా నేను నేర్చుకోవాలనుకునేది స్పెయిన్ ప్రభుత్వం చేసిన ఇంకో పని నుంచి. వాళ్ల భాషలో 'పరాదోర్' అంటే ప్రయాణంలో ఆగే చోటు. మన మజిలీ, మన సత్రం లాంటి మాట. ప్రైవేటు హోటళ్లు అడుగు పెట్టని చోట్ల ప్రభుత్వమే హోటలు నడపాలని, పాడుబడ్డ కోటలనూ మఠాలనూ బాగుచేసి అందులోనే మనుషుల్ని ఉంచాలని ఒక ఆలోచన పుట్టింది. దాని వెనక ఉన్నది రాజు నియమించిన పర్యాటక కమిషనరు, మార్క్వెస్ దె లా వేగా-ఇంక్లాన్. 1928 అక్టోబరులో గ్రేదోస్ కొండల్లో మొదటి పరాదోర్‌ను ఆల్ఫోన్సో రాజు తెరిచాడు. ఇవాళ అవి వందకు దగ్గరగా ఉన్నాయి. ఇప్పటికీ ప్రభుత్వ కంపెనీవే. వంటశాలలో ఆ ప్రాంతం వంటలే వండడం వాళ్ల పద్ధతి.

ఇది సజావుగా సాగిన కథ అని చెప్పను. 2008 మాంద్యం తరవాత ఆ సంస్థ నష్టాల్లో పడింది, ఉద్యోగాలు తగ్గించింది. ప్రభుత్వ హోటలు నష్టపోతే ప్రైవేటుకు ఇచ్చేయండి అనే వాదన మన దగ్గరా వినపడుతూనే ఉంటుంది. వాళ్లు మాత్రం అమ్ముకోలేదు, సర్దుకున్నారు. లాభం రాని కొండ ఊళ్లో మంచి హోటలు ఉండడం ఆ ఊరికి రోడ్డు ఉండడం లాంటిదని వాళ్ల నమ్మకం. నాకది సరైన నమ్మకం అనిపిస్తుంది.

ఆ పరాదోర్లలో ఒకటి సంతియాగో దె కొంపోస్తెలాలో ఉంది. ఐరోపా నలుమూలల నుంచి కాలినడకన భక్తులు వచ్చే పుణ్యక్షేత్రం అది. నడిచి నడిచి జబ్బుపడ్డ యాత్రికుల కోసం 1499లో ఫెర్డినాండ్, ఇసబెల్లా దంపతులు అక్కడ ఆసుపత్రి కట్టమన్నారు. ఆ కట్టడమే 1954లో పరాదోర్ అయింది, ఇప్పుడు అదొక ఖరీదైన హోటలు. అయినా నడిచి వచ్చిన యాత్రికుల్లో రోజూ మొదటి పదిమందికి ఉచితంగా అన్నం పెట్టే ఆనవాయితీ అక్కడ సాగింది. పట్టు పరుపుల హోటలు తన పుట్టుక మరిచిపోలేదన్నమాట.

ఈ విషయం చదివినప్పుడు నాకు కరివేన సత్రం గుర్తొచ్చింది. ఆత్మకూరు దగ్గరి కరివేన అనే పల్లె పేరుతో శ్రీశైలంలో, మహానందిలో అన్నం పెడుతున్న సత్రాలవి. ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాల్లో బాటసారికి చోటు ఇచ్చే విద్య ఎప్పుడూ ఉంది. మంత్రాలయం, మహానంది, అహోబిలం, బ్రహ్మంగారి మఠం, కడప అమీన్‌పీర్ దర్గా ఉరుసు, ఎక్కడ చూసినా చాపేసుకుని పడుకునే జనానికి ఒక వసారా ఉండేది. గండికోటకు కూడా మొదట్నుంచీ దూరప్రయాణికులు వచ్చారు. 1652లో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలవడానికి ఈ కోటకే వచ్చాడు. అతిథికి చోటివ్వడం మనకు కొత్త కాదు. ఒబెరాయ్ గది తీసుకునేవాళ్లకూ మినీ బస్సు ముసలామెకూ ఒకే కొండ మీద చోటు ఎలా కల్పించాలన్నదే మనం కొత్తగా తేల్చుకోవాలి.

ఇక్కడ స్పెయిన్‌ను వదిలి పక్క రాష్ట్రానికి వస్తాను. హంపి మనకు పొరుగే. అక్కడి తుంగభద్రే కర్నూలులో కొండారెడ్డి బురుజుకు కూతవేటు దూరంలో పారుతుంది. హంపికి ఎదురుగా, నదికి అవతల విరూపాపుర గడ్డె అనే చోటు ఉండేది. వరిమడుల మధ్య వెదురు గుడిసెలు, ఊయలలు, చిన్న రిసార్టులు. విదేశీ కుర్రాళ్లకు ప్రాణం. కానీ 1988లోనే కర్ణాటక ప్రభుత్వం ఆ చోటును రక్షిత ప్రాంతంలో చేర్చింది. చేర్చిన తరవాత ఏళ్ల తరబడి కట్టుకోనిచ్చారు. చివరికి 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూల్చివేతను సమర్థించింది, మార్చిలో పొక్లెయిన్లు దిగాయి. అంతకు ముందు 2011 జూలైలో హంపి బజారు మండపాల్లో బతుకుతున్న కుటుంబాలను రాత్రికి రాత్రే ఖాళీ చేయించారు. ఇదంతా అయ్యాక కమలాపుర దగ్గర విజయనగర శైలిలో కట్టిన ఖరీదైన రిసార్టు దర్జాగా నడుస్తోంది. మన కడప జిల్లా కమలాపురం కాదు, హంపి పక్కది. కోర్టు తీర్పును నేను తప్పు పట్టను. నియమం ఉంది, అమలు లేదు. అమలు వచ్చిననాడు పోయింది చిన్నవాళ్ల బతుకు.

గండికోటలో ఆ రోజు రాకూడదు. కోట లోపల ఇప్పటికీ ఒక ఊరు ఉంది. రాళ్ల గోడల ఇళ్లు, గేదెలు, చిన్న టీ కొట్లు. కోట చుట్టూ గుడారాలు వేసి అద్దెకిచ్చేవాళ్లు ఏళ్లుగా పెరుగుతున్నారు. 2010లో సవరించిన పురాతన కట్టడాల చట్టం ప్రకారం రక్షిత కట్టడం నుంచి 100 మీటర్ల దాకా ఏమీ కట్టకూడదు, ఆపైన ఇంకో 200 మీటర్లలో అనుమతి కావాలి. ఆ చట్టం కొలిచేది కట్టడం నుంచి దూరాన్ని. లోయ అంచు నుంచి ఎంత దూరమో అది కొలవదు. ప్రపంచం గండికోటకు వచ్చేది ఆ అంచు కోసమే. గీత ఇప్పుడే గీయాలి. ఎవరు ఎక్కడ గుడారం వేయొచ్చో, కోటలో ఉన్న కుటుంబాలు ఏ గదిని అద్దెకిచ్చుకోవచ్చో కాగితం మీద రాసి చేతికివ్వాలి. పదేళ్ల తరవాత పొక్లెయిన్ తెచ్చేకంటే ఇవాళ పట్టా ఇవ్వడం తేలిక.

నీళ్ల సంగతి కూడా దాచాల్సిన పని లేదు. గండికోట జలాశయానికి 26.85 టీఎంసీల సామర్థ్యం. పోతిరెడ్డిపాడు నుంచి గోరకల్లు, అవుకు మీదుగా శ్రీశైలం నీళ్లు గాలేరు-నగరి కాలువలో ఇక్కడికి చేరతాయి. ఆ నీళ్ల కోసం కొండాపురం, తాళ్ల ప్రొద్దుటూరు, చామలూరు లాంటి ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఆ నీళ్లతోనే హోటలు ఈతకొలను నిండుతుందంటే, ఆటో అతని ప్రశ్నకు ప్రభుత్వం, హోటలు సంస్థ కలిసి లిఖితంగా జవాబు చెప్పాలి. ముంపు కుటుంబాల పిల్లలకు హోటలు తెరవడానికి రెండేళ్ల ముందే శిక్షణ మొదలుపెట్టి, ఫలానా వంతు ఉద్యోగాలు వాళ్లవని ఒప్పందంలో రాయాలి. రిసెప్షన్లో, వంటశాలలో, లెక్కల గదిలో కూడా వాళ్లు ఉండాలి. తోటపని, కాపలా దగ్గర ఆగిపోకూడదు. కట్టడానికి రాయి ఎక్కడిదో వేరే చెప్పాలా? ఎర్రగుంట్ల నుంచి జమ్మలమడుగు దాకా దారి పొడుగునా నాపరాళ్లు నిలువునా పాతి కంచెలు కడతారు, వాటితోనే మిద్దెలు పరుస్తారు. బేతంచెర్ల బండకు పాలిషు పెడితే అద్దంలా మెరుస్తుంది.

అతిథుల్లో రకాలున్నారని మరిచిపోతే హోటలు గోడల్లోనే డబ్బు ఆగిపోతుంది. లంకమలలో 1986లో మళ్లీ కనపడ్డ కలివికోడి కోసం వచ్చే పక్షి ప్రేమికుడికి పొద్దున నాలుక్కి టీ, జీపు, అడవి తెలిసిన కుర్రాడు కావాలి. వాడు విలాసం అడగడు. బెలుం గుహల్లోకి దిగేవాళ్లకు, మూడు కిలోమీటర్లకు పైగా సాగే ఆ చీకటి సొరంగాల్లోంచి చెమటతో బయటికొచ్చాక, కొలిమిగుండ్లలోనో బనగానపల్లెలోనో శుభ్రమైన స్నానాల గది చాలు. యాగంటి, ఒంటిమిట్ట చూసే కుటుంబానికి వంట చేసుకునే వసతి ఉన్న గది కావాలి. గండికోటలో పెద్ద హోటలు ఉంటే ఈ చోట్ల పేర్లన్నీ ఒకే పటంలోకి వస్తాయి. అందుకే అది రావాలని గట్టిగా కోరుకుంటున్నాను. పొద్దున పలహారంలో ఉగ్గాని, బజ్జీ, ప్రొద్దుటూరు కారం దోసె, రాత్రి జొన్నరొట్టెతో ఊరిబిండి పెడితే, రెండో రోజు ఆ అతిథే ఉగ్గాని బండి వెతుక్కుంటూ జమ్మలమడుగు బజారుకు దిగుతాడు.

రోండాలో ఇంకో సంగతి ఉంది, దాన్ని చివరికి ఉంచుకున్నాను. అక్కడి పరాదోర్ 1994లో తెరుచుకుంది. పాత పురపాలక భవనం ముందుగోడను అలాగే ఉంచి లోపల హోటలు కట్టారు. లోయను ఆనుకుని, వంతెన పక్కనే ఉంటుంది. ఒక గది కిటికీ తెరిస్తే కింద నది. అంత ఖరీదైన చోట, హోటలు గోడకూ లోయకూ మధ్య కాలిబాట ఉంది. ఊళ్లో ఎవరైనా, టిక్కెట్టు లేకుండా, గేటు దాటకుండా, హోటలు వెనక నుంచి లోయ అంచు పట్టుకుని వంతెన దాకా నడవొచ్చు. అంచు ఊరిది, గది హోటలుది.

గండికోట నక్షా గీసే ఇంజినీర్లు ఆ బాటను మొదటి గీతగా గీయాలి. బెంగళూరు కుర్రాళ్లు దుప్పట్లు పరుచుకోవాలి, గుడారాల పిల్లవాడు ఫ్లాస్కులో టీ పట్టుకుని తిరగాలి, మినీ బస్సు దిగిన ఇరవైమంది ముసలివాళ్లు చెప్పులు విడిచి వరసగా నిలబడాలి. అంత వెడల్పు ఉండాలి దానికి. బస్సు ఆగే చోట ఒక వసారా, నాలుగు స్నానాల గదులు, నాపరాళ్ల మీద చాపలేసుకునే జాగా. ఆ 77.91 కోట్లలోనే దీనికి చోటు దొరుకుతుంది.