బంతిలో చోటు

సంపాదకులు గారికి,



మీ పత్రికలో ఈ నాలుగు మాటలకు చోటు దయచేయవలసినదిగా ప్రార్థన. ఇది ఒకరి మీద ఫిర్యాదు కాదు. నా తప్పు నేను ఒప్పుకొని, నాబోటి పెద్దలకు ఒక మనవి చేసికొనడానికే వ్రాస్తున్నాను.

కిందటి కార్తికమాసంలో మా సంఘం వారు తోటలో సమారాధన చేశారు. మొదటి బంతి కూర్చున్నది. విస్తళ్ళు వేశారు. ఆ బంతిలో నా మేనల్లుడు ఉన్నాడు. అతనికి హెచ్.ఐ.వి. ఉన్నదన్న సంగతి అప్పటికి రెండు నెలలుగా మా వీధిలో గుసగుసగా తిరుగుతున్నది. వడ్డించడానికి వచ్చిన కుర్రవాళ్ళు తటపటాయించి నిలబడిపోయారు. పక్క విస్తరి వాళ్ళు లేవబోతున్నారు. అంతలో ఒక పెద్దమనిషి అతని దగ్గరకు వెళ్ళి, "నాయనా, ఇక్కడ ఎండ పడుతున్నది. ఆ చెట్టు కింద నీకు వేరే విస్తరి వేయిస్తాను, రా" అన్నాడు. అతను మారు మాట లేకుండా లేచి వెళ్ళాడు.

ఆ పెద్దమనిషిని నేనే.

రభస కాకుండా కాపాడానని ఆ పూట నేను సంతోషించాను కూడా. వారం తరువాత అతని ఇంటికి వెళ్ళినప్పుడు అతను అన్న మాట ఇది: "మావయ్యా, నువ్వు నన్ను తిట్టినా బాగుండేది. తిరిగి ఒక మాట అని ఉండేవాణ్ణి. మర్యాదగా లేపేశావు. ఇంక ఏమనను?"

ఆ రోజు మొదలు ఈ వ్యాధిని గురించి నలుగురు వైద్యులను అడిగి తెలిసికొన్నాను. తెలిసికొన్న కొద్దీ సిగ్గుపడ్డాను. ఒకే బంతిలో తిన్నందువల్ల గాని, ఒకే గ్లాసుతో త్రాగినందువల్ల గాని, చేయి పట్టుకొన్నందువల్ల గాని, దోమ కుట్టినందువల్ల గాని ఇది సోకదు. రక్షణ లేని లైంగిక సంబంధం, సోకిన రక్తం, ఒకరు వాడిన సూది మరొకరు వాడడం, తల్లి నుంచి బిడ్డకు – ఇవే దాని దారులు. ఆ దారులకు కూడా నేడు అడ్డుకట్టలున్నవి. నిరోధ్ ఉన్నది. గర్భిణికి వేళకు పరీక్ష జరిపి మందు ఇస్తే బిడ్డకు సోకకుండా చాలావరకు కాపాడవచ్చు. అన్నిటికంటె నన్ను ఆశ్చర్యపరచినది మరొకటి. ప్రతిదినం మందు వేసికొనే మనిషి రక్తంలో ఆ క్రిమి పరీక్షకు కూడా అందనంతగా తగ్గిపోతుంది. అది ఆ స్థితిలో నిలిచి ఉన్నంతకాలం లైంగిక సంబంధం ద్వారా కూడా అతని నుంచి భార్యకు సోకదు.

మన దేశంలో ఈ వ్యాధి 1986లో చెన్నైలో డాక్టర్ సునీతి సోలమన్ గారి బృందం పరిశోధనలో మొదట బయటపడ్డది. అప్పుడు మందు లేదు. జనం భయపడ్డారంటే అర్థమున్నది. కాని ప్రభుత్వం 2004 ఏప్రిల్ 1 నుంచి ఈ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. 2017 నుంచి, వ్యాధి ముదిరేదాకా ఆగకుండా, ఉన్నదని తేలిన ప్రతివారికీ వెంటనే మందు మొదలుపెట్టాలన్న విధానం వచ్చింది. మందు మారింది, కాలం మారింది. మన భయం మాత్రం 1986 లోనే కూర్చున్నది.

నా మేనల్లుడి సంగతే చూడండి. గంజాం జిల్లా నుంచి వేలమంది వెళ్ళినట్లే అతనూ చిన్నతనంలో సూరత్ మగ్గాలకు వెళ్ళాడు. పదేళ్ళ కిందట జ్వరం విడవక తిరిగి వచ్చాడు. పరీక్షలో తేలింది. మందు మొదలుపెట్టాడు. నేడు మనందరిలాగే కష్టపడి పని చేస్తున్నాడు. భార్యకు లేదు, పిల్లలకు లేదు. ఇంటిల్లిపాదికీ అన్నం పెడుతున్నాడు.

మందు మా ఊళ్ళోనే, బరంపురంలోనే ఇస్తారు. కాని అతను ఇక్కడ తీసికొనడు. రెండవసారి వెళ్ళినప్పుడు వరుసలో వెనుక ఎవరో తెలుగులో మాట్లాడారట. ముఖానికి తువాలు కప్పుకొని బయటికి వచ్చేశాడు. అప్పటి నుంచి రైలెక్కి ఆంధ్రలో మరొక ఊరికి వెళ్ళి తెచ్చుకొంటున్నాడు. రైలు ఖర్చు, ఆనాటి కూలి నష్టం. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు రైళ్ళు ఆగిపోతే వారం రోజులు మందు లేకుండా గడిపాడు. ఈ మందు మధ్య మధ్య ఆపితే క్రిమి మళ్ళీ విజృంభిస్తుందనీ, ఒక్కొక్కప్పుడు ఆ మందుకు లొంగకుండా పోతుందనీ వైద్యులు చెబుతారు. అంటే అతని ప్రాణానికి వ్యాధి వల్ల వచ్చిన అపాయం తక్కువ, మన నోళ్ళ వల్ల వచ్చిన అపాయం ఎక్కువ.

పరాయి ఊళ్ళో తెలుగు మాట వినబడితే ప్రాణం లేచివస్తుందంటాము. నా మేనల్లుడికి తెలుగు మాట వినబడితే గుండె జారిపోతుంది. ఇంతకంటె మనకు సిగ్గుచేటు ఏమున్నది?

ఇది మా ఊరి మాట మాత్రమే కాదనుకొంటాను. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మేము ఇవతల ఉండిపోయాము. షోలాపూరు వారు, బళ్ళారి వారు, హోసూరు వారు తమ తమ కారణాలవల్ల ఆయా చోట్ల ఉన్నారు. అందరమూ సంఘాలు పెట్టుకొని, భజనలు చేసికొని, సంబంధాలు మనలో మనమే కలుపుకొని భాషను నిలుపుకొన్నాము. ఆ దగ్గరితనమే మన బలం. కాని ఒక ఇంటి సంగతి ఉదయం పుడితే సాయంత్రానికి పది వీధులు తిరిగేది కూడా ఆ దగ్గరితనం వల్లనే. అన్నకు వ్యాధి అంటే చెల్లెలి సంబంధం తప్పిపోతుంది. అందుకే మనవాళ్ళు పరీక్షకు వెళ్ళరు. వెళ్ళినవారు చెప్పరు. చెప్పనివారు మందు మానుతారు.

"తన తప్పుకు తాను అనుభవిస్తున్నాడు" అనేవారున్నారు. ఏ తప్పూ ఎరుగని ఇల్లాళ్ళకూ పసివాళ్ళకూ ఇది సోకినది కదా! అయినా మందూ, అన్నమూ నడవడికకు ఇచ్చే బహుమానాలు కావు. "మా పిల్లనిచ్చేటప్పుడు తెలిసికొనవద్దా?" అని అడిగేవారూ ఉన్నారు. అది న్యాయమైన ప్రశ్నే. పెళ్ళాడబోయే మనిషి దగ్గర నిజం దాచమని నేననను. ఇద్దరూ తమ ఇష్టంతో ప్రభుత్వ కేంద్రానికి వెళ్ళి ఉచితంగా పరీక్ష చేయించుకొని, ఒకరికొకరు చెప్పుకోవచ్చు. పెళ్ళిళ్ళ పేరయ్యలు ఆరా తీయడం వేరు, ఇది వేరు.

నా మేనల్లుడి సంగతి బయటికి పొక్కినది ఒక చిన్న వైద్యశాల ఉద్యోగి నోటివెంట. అది చట్టవిరుద్ధమన్న సంగతి నాకూ తెలియదు, అతనికీ తెలియదు. హెచ్.ఐ.వి. చట్టం 2017లో వచ్చి 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉన్నది. మనిషి సమ్మతి లేనిదే పరీక్ష చేయరాదు, ఫలితం బయటపెట్టరాదు. ఈ కారణంగా ఉద్యోగం నుంచి తీసివేయరాదు, బడిలో చేర్చుకోననరాదు, వైద్యం నిరాకరించరాదు, అద్దె ఇల్లు కాదనరాదు. ఫిర్యాదు వినడానికి రాష్ట్రంలో అంబుడ్స్‌మన్‌ను నియమించాలని కూడా ఆ చట్టం చెబుతున్నది.

కావున నా మనవి మూడు ముక్కలు. మన సంఘాల వారు ఈ చట్టంలోని ముఖ్యాంశాలను, ఉచిత సహాయ ఫోను నంబరు 1097ను తెలుగులో వ్రాయించి తమ హాళ్ళలో గోడకు పెట్టాలి. తెలుగువారు ఎక్కువగా ఉన్న గంజాం, షోలాపూరు, బళ్ళారి వంటి చోట్ల కేంద్రాలలో తెలుగు కరపత్రాలను, తెలుగు తెలిసిన సలహాదారులను ఉంచవలసినదిగా ఆయా రాష్ట్రాల అధికారులను సంఘాలే కోరాలి. ఇక మూడవది ఖర్చు లేనిది. ఇటువంటి మాట చెవిన పడితే అక్కడే ఆపివేయాలి.

ఈ ఉత్తరం నా మేనల్లుడికి చదివి వినిపించి, అతని అనుమతితోనే పంపుతున్నాను. నా పేరు ప్రచురించవద్దని కోరుతున్నాను. నా పేరు చూస్తే అతని పేరు తెలుస్తుంది. పేరు పెట్టి వ్రాయగల రోజు వస్తే ఈ ఉత్తరమే అవసరముండదు.

వచ్చే కార్తికంలో మొదటి బంతిలో అతని పక్క విస్తరి నాది. ఇష్టం లేనివారు ముందు నన్ను లేపాలి.

ఇట్లు,
ఒక మేనమామ,
బరంపురం, గంజాం జిల్లా