కారణం చెప్పని నిరాకరణ

1901లో సతారా ప్రాంతంలోని మసూరు రైల్వేస్టేషన్‌లో నలుగురు పిల్లలు రైలు దిగారు. గోరేగావ్‌లో కొలువు చేస్తున్న తండ్రి దగ్గరకు వాళ్లు వెళ్లాలి. మహర్లని తెలియగానే, రెట్టింపు కిరాయి ఇస్తామన్నా బండివాళ్లెవరూ కదలలేదు. చివరకు ఒకడు షరతు మీద ఒప్పుకున్నాడు: పిల్లలే బండి తోలుకోవాలి, తాను పక్కన నడిచి వస్తాడు. ఆ పిల్లల్లో ఒకరు భీమ్‌రావ్ అంబేడ్కర్. 1929లో, బారిస్టరై, ప్రజానాయకుడైన తరువాత ఆయన చాలీస్‌గావ్‌లో దిగినప్పుడు టాంగావాళ్లదీ అదే మాట. టాంగా ఇస్తాం, తోలం. తోలడం అలవాటు లేని స్థానిక మహర్ ఒకరు పగ్గాలు పట్టారు. దారిలో ప్రమాదం జరిగి అంబేడ్కర్ రాతినేల మీద పడ్డారు, కాలు విరిగింది. ఈ రెండు ఉదంతాలనూ ఆయనే ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో రాశారు.

నేటి వ్యాపార పరిభాషలో ఆ రెండూ ‘సెల్ఫ్ డ్రైవ్’ ఒప్పందాలే. బండి అద్దెకు దొరికింది, తోలేవాడి దేహం మాత్రం అంటరానివారికి దూరంగా ఉండిపోయింది. ఇప్పుడు నగరాల్లో సెల్ఫ్ డ్రైవ్ కార్ల వ్యాపారం జోరుగా సాగుతోంది. డ్రైవరు ఉండడు, పక్క సీటు సమస్య లేదు, బేరం ఫోనులోనే ముగుస్తుంది. ఇక ఇందులో కులానికి చోటెక్కడిదని అడిగే మిత్రులు నాకు చాలామంది ఉన్నారు. వారి కోసమే ఇది రాస్తున్నాను.

గత డిసెంబరులో మేనకోడలి నిశ్చితార్థానికి విజయవాడ నుంచి గోదావరి జిల్లాలోని మా ఊరికి వెళ్లేందుకు మూడు రోజులకు ఒక కారు బుక్ చేశాను. అద్దె, డిపాజిట్ ముందే చెల్లించాను. లైసెన్సు, ఆధార్ అప్‌లోడ్ చేశాను. మరునాడు కార్లు అప్పగించే యార్డుకు వెళితే అక్కడి కుర్రవాడు ఆధార్ కార్డును తిప్పి వెనకవైపు చిరునామా చదివాడు. ‘ఆది ఆంధ్ర కాలనీ అంటే ఊళ్లోనేనాండీ, బయటా?’ అని అడిగాడు. మర్యాదగానే అడిగాడు. తరువాత లోపలికి వెళ్లి ఫోనులో మాట్లాడి వచ్చి, కారు యజమాని ఒప్పుకోవడం లేదనీ, పత్రాలు సరిపోలేదనీ చెప్పాడు. ఏ పత్రం సరిపోలేదో చెప్పలేదు. ఆ సాయంత్రమే నా సహోద్యోగి ఒకరు అదే కారును, అవే రెండు పత్రాలతో తీసుకున్నారు. ఆయన లైసెన్సు నా లైసెన్సు కంటే ఆరేళ్లు చిన్నది. ఆయన చిరునామాలో ఒక అపార్ట్‌మెంటు పేరుంది.

మా కాలనీకి ఆ పేరు ఊరికే రాలేదు. 1917లో ఇదే బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన సభ, పంచములనే పేరును తోసిపుచ్చి ఆది ఆంధ్రులమని ప్రకటించుకుంది. ఆత్మగౌరవంతో పెట్టుకున్న ఆ పేరే నూరేళ్లు దాటాక ఒక యార్డు కౌంటరు దగ్గర కులధ్రువీకరణ పత్రమైంది. పేరు మార్చుకుంటే సరిపోతుందనేవారూ ఉన్నారు. అంబేడ్కర్ నగర్, అరుంధతి నగర్ అన్నా చదివేవాడికి అర్థమయ్యేది అదే.

ఆ తరువాతి తొమ్మిది రోజులు కస్టమర్ కేర్‌తో గడిచాయి. ప్రతి ఫోనుకూ కొత్త గొంతు, ప్రతి గొంతుకూ మొదటినుంచి చెప్పుకోవాలి. ‘మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం’ అనే వాక్యం నాకు కంఠస్థమైంది. నిరాకరణకు కారణం రాసి ఇవ్వమంటే, కారణాలు వెల్లడించడం తమ పాలసీ కాదన్నారు. కులం ప్రస్తావన తెచ్చినప్పుడు ఆ చివరనున్న అమ్మాయి కాసేపు మౌనంగా ఉండి, ‘సార్, నా దగ్గర అలాంటి ఆప్షన్ లేదు’ అంది. ఫిర్యాదు నమోదుకు ఆమె ముందున్నవి నాలుగే: కారు ఆలస్యం, కారు శుభ్రత, డబ్బు వాపసు, ఇతరములు. నన్ను ఇతరములలో వేసింది. ఆమె తప్పేమీ లేదు. డబ్బు వెనక్కి రాగానే ఫిర్యాదు ‘పరిష్కృతమైంది’ అని సందేశం వచ్చింది.

మసూరు బండివాడికీ ఈ సంస్థకూ ఉన్న తేడా ఇక్కడే ఉంది. బండివాడు ఎందుకు తోలనో చెప్పాడు, అతనితో వాదించవచ్చు. ఇక్కడ యజమాని కనపడడు, కారణం వినపడదు, వివక్షను నిరూపించే భారం మాత్రం నా మీద పడుతుంది.

నిజానికి చట్టం అలా చెప్పడం లేదు. దుకాణాల్లో ప్రవేశానికి కులాన్ని అడ్డు పెట్టరాదంటుంది రాజ్యాంగంలోని 15(2) అధికరణం. దుకాణమంటే అడిగినవారికి సేవలందించే ఏ చోటైనా అని 1948 నవంబరులో రాజ్యాంగసభలో అంబేడ్కరే వివరించారు. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం ఆరో సెక్షను ప్రకారం అంటరానితనం కారణంగా సేవలు నిరాకరించడం నేరం. పన్నెండో సెక్షను ఇంకా ముఖ్యమైనది. బాధితుడు షెడ్యూల్డు కులస్థుడైతే, కాదని రుజువయ్యేదాకా ఆ చర్యకు అంటరానితనమే కారణమని న్యాయస్థానం భావించాలి. 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు ఒకే తరగతి వినియోగదారుల మధ్య వివక్ష చూపరాదన్నాయి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలని, నెలలో పరిష్కరించాలని కూడా చెప్పాయి. అయితే నిరాకరించినప్పుడు కారణాన్ని లిఖితపూర్వకంగా ఇవ్వాలన్న నిబంధన వాటిలో లేదు. ఆ ఒక్క ఖాళీ చాలు, కులం అందులో హాయిగా కూర్చుంటుంది. కారు ఎవరిదైనా, నిరాకరణ నిర్ణయం ఎవరు, ఏ కారణంతో తీసుకున్నారో నమోదు చేసి వినియోగదారుడికి ఇవ్వడాన్ని అద్దె సంస్థలకు తప్పనిసరి చేయాలి. ఈ నిబంధనను కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ చేర్చవచ్చు, కొత్త చట్టం అవసరం లేదు.

అంతవరకూ సాక్ష్యం మనమే కూడగట్టుకోవాలి. సుఖదేవ్ థోరాట్, పాల్ ఆటివెల్ ఉద్యోగ దరఖాస్తులతో ఈ పని చేసి చూపారు. సమాన అర్హతలతో, వేర్వేరు ఇంటిపేర్లతో దరఖాస్తులు పంపి, దళిత పేర్లకు పిలుపులు తక్కువగా వస్తున్నాయని 2007లో ప్రకటించారు. అద్దె కార్ల విషయంలో దీనికి పెద్ద నిధులు అక్కరలేదు. ఒకే కారు, ఒకే వారం, ఒకే రకం పత్రాలు, రెండు చిరునామాలు. విజయవాడ, విశాఖపట్నం, హైదరాబాద్‌లలోని విద్యార్థి సంఘాలు ఈ వేసవి సెలవుల్లోనే మొదలుపెట్టవచ్చు. నా వంతుగా వినియోగదారుల కమిషన్‌లో వేసిన ఫిర్యాదుకు నా సహోద్యోగి రసీదును జతచేశాను.