కొన్న ఆటలకు నకలు ఉంచుకోవాలా?



కడప జిల్లా నుండి ఒక రైతు సోదరుడు మాకు ఉత్తరం వ్రాశారు. ఆయన పెద్ద కుమారుడు హైదరాబాదులో కొన్నాళ్లు పనిచేసి, తరువాత కువైటు వెళ్లాడు. వెళ్లేటప్పుడు తన లాప్‌టాప్‌ను, అందులో జీతపు డబ్బుతో కొనుక్కున్న పాతిక ముప్పై ఆటలను తమ్మునికి అప్పగించాడు. ఇప్పుడా కంప్యూటరు నత్తనడక నడుస్తున్నది. టౌనులో బాగుచేసే వ్యక్తి మొత్తం ఫార్మాట్ చేయాలన్నాడు. పదమూడేళ్ల చిన్నవాడు మాత్రం దానిని గడప దాటనివ్వడం లేదట. "డబ్బిచ్చి కొన్న ఆటలే గదా, మళ్లీ దింపుకోవచ్చు గదా అంటే వాడు ఏడుపు మానడు. మేము నిజంగా ఏదైనా పోగొట్టబోతున్నామా? వీటికి నకలు తీసి దాచడం అవసరమా, లేక ఇది పిల్లవాని మారామా?" అని ఆ తండ్రి అడిగారు.

ఆటల సంగతి ఈ పేజీలో ఎందుకని పెద్దలు కొందరు అనుకోవచ్చు. ఇంటివారు కష్టపడి సంపాదించిన డబ్బు పెట్టినది, పిల్లలు ఏళ్ల తరబడి మనసు పెట్టినది ఏదైనా ఇంటి సంగతే. పైగా ఈ తండ్రి ముందు ఫార్మాట్ చేయించి తరువాత అడగలేదు. అది మాకు చాలా నచ్చింది.

మొదట, ఆ అన్న కొన్నది ఏమిటో చూద్దాము. ముప్పై ఏళ్ల క్రితం టీవీకి తగిలించే ఆటల పెట్టెలు ఉండేవి. క్యాసెట్టు పెడితే ఆట వచ్చేది. క్యాసెట్టు మన బీరువాలో ఉన్నంతకాలం ఆట మనదే. ఇప్పుడు అలా కాదు. అమెరికాలోని వాల్వ్ కంపెనీ 2003లో ప్రారంభించిన స్టీమ్ వంటి దుకాణాలలో డబ్బు చెల్లిస్తే మనకు దొరికేది ఆడుకొనే అనుమతి మాత్రమే. మన రైతులకు అర్థమయ్యే మాటలో చెప్పాలంటే, పట్టా కాదు, కౌలు. దున్నుకోవచ్చు, పంట తీసుకోవచ్చు. కాని భూమి పాసు పుస్తకంలో మన పేరు ఉండదు. ఆ ఖాతాను మరొకరి పేరు మీదికి మార్చే వీలు కూడా స్టీమ్ షరతులలో లేదు.

ఇందులో దొంగతనమేమీ లేదు. షరతులు ముందే వ్రాసి ఉంటాయి. వాటిని ఎవరూ చదవరని వ్రాసినవారికి కూడా తెలుసు, అది వేరే మాట. చివరకు అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 2024లో ఒక చట్టం చేసింది. అమ్ముతున్నది అనుమతి మాత్రమే అయితే ఆ సంగతి కొనేవానికి స్పష్టంగా చెప్పకుండా "కొనండి" అనే మాట వాడకూడదని దాని సారాంశం. అది 2025 నుండి అమలులోకి వచ్చింది.

కౌలు రద్దయితే ఏమవుతుందో చూపడానికి ఒక ఉదాహరణ చాలు. యూబీసాఫ్ట్ అనే ఫ్రెంచి కంపెనీ 2014లో ద క్రూ అనే కార్ల పందెపు ఆటను విడుదల చేసింది. 2024 మార్చి 31న దాని సర్వర్లను ఆపివేసింది. ఆ ఆట నడవడానికి ఎప్పుడూ ఇంటర్నెట్ ద్వారా కంపెనీ సర్వరుతో సంబంధం ఉండాలి. ఒంటరిగా ఆడుకొనేవానికి కూడా అంతే. అందుచేత డబ్బాతో సహా డిస్కు కొని భద్రంగా దాచుకున్నవారికి కూడా చేతిలో బిళ్ల మిగిలింది గాని ఆట మిగలలేదు. అలాగే జపానుకు చెందిన నింటెండో తన 3డీఎస్, వీ యూ అనే యంత్రాల దుకాణాన్ని 2023 మార్చిలో మూసివేసింది. ఆ తరువాత అక్కడ కొత్తగా ఏదీ కొనే వీలు లేదు.

మన దేశంలో కూడా చూశాము గదా. 2020 సెప్టెంబరులో పబ్జీని ప్రభుత్వం నిషేధించినప్పుడు మన పల్లెల యువకులు ఎంతమంది దిగులుపడ్డారో మాకు గుర్తున్నది. 2021లో అదే కంపెనీ భారత్ కోసం మరో పేరుతో ఆటను తెచ్చి, పాత ఖాతాలోని వస్తువులను కొంతకాలం పాటు కొత్తదానిలోకి మార్చుకోనిచ్చింది. ఆ గడువులో మార్చుకున్నవారికి దక్కాయి. ఇటువంటి ఆటలకు ఇంటిలో నకలు అనేది ఉండదు. వాటి ప్రాణమంతా కంపెనీ వద్దనే ఉంటుంది గనుక వాటి మీద డబ్బు పెట్టేటప్పుడే, అది సినిమా టిక్కెట్టు వంటిదని ఎంచి పెట్టాలి.

ఇక అన్ని ఆటలూ అటువంటివేనా? కావు. పోలెండు దేశంలో 2008లో మొదలైన జీఓజీ అనే దుకాణం ఉన్నది. చట్టం మాటలో అక్కడ కూడా మనకు దొరికేది అనుమతే. కాని వారు ఆట యొక్క ఇన్‌స్టాలర్‌ను తాళం లేకుండా మన చేతికి ఇస్తారు. దానిని డిస్కులో ఉంచుకుంటే, ఇంటర్నెట్ లేని కంప్యూటరులో కూడా ఎక్కించుకోవచ్చు. పెద్ద ఆటలైతే ఇన్‌స్టాలర్ నాలుగైదు ముక్కలుగా వస్తుంది. ఒక్క ముక్క తగ్గినా మిగిలినవి పనికిరావు గనుక లెక్క చూసుకొని అన్నీ కాపీ చేయాలి. స్టీమ్‌లో కూడా ఆటకు బ్యాకప్ తీసే సదుపాయం ఉన్నది. అయితే దానిని తిరిగి ఎక్కించాలంటే ఖాతాలోకి ప్రవేశించవలసిందే. అది శాశ్వతపు నకలు కాదు, డౌన్‌లోడ్ శ్రమను తప్పించేది. అయినా పల్లెలో అది చిన్న మేలు కాదు. రోజుకు 2 జీబీ డేటా వచ్చే ప్యాకు మీద 60 జీబీ ఆటను దింపాలంటే, ఇంట్లో మరెవరూ ఫోను ముట్టకుండా నెల రోజులు పడుతుంది.

ఆ సోదరుడు వ్రాయని సంగతి ఒకటి మేము తిరిగి అడిగాము. చిన్నవాడు ఎక్కువగా ఆడే ఆట ఏది? స్టార్‌డ్యూ వ్యాలీ అని జవాబు వచ్చింది. అప్పుడు మాకు ఆ ఏడుపు అర్థమైంది. తాత విడిచిపోయిన పాడుబడ్డ పొలాన్ని మనుమడు బాగుచేసుకొనే ఆట అది. ఎరిక్ బరోన్ అనే ఒక్క యువకుడు నాలుగేళ్లకు పైగా శ్రమించి, 2016లో విడుదల చేశాడు. విత్తనం వేయాలి, నీరు పెట్టాలి, కోళ్లను ఆవులను చూసుకోవాలి. ఆ ఇంటిలో పొలం మొదలుపెట్టినది అన్న. ఇప్పుడు సాగిస్తున్నది తమ్ముడు. ఆట మళ్లీ దిగుతుంది, నిజమే. కాని ఆ పొలం మళ్లీ దిగదు.

అందుచేత మా మాట ఇది. ఆట వేరు, ఆటలో మన పిల్లలు నడిచిన దూరం వేరు. ఈ రెండవదానిని సేవ్ అంటారు. డబ్బు పెట్టినా తిరిగి రానిది అదే గనుక మొట్టమొదట దానికే నకలు తీయాలి. విచిత్రమేమంటే అది చాలా చిన్నది. 60 జీబీ ఆటకు కూడా సేవ్ కొన్ని ఎంబీలు మాత్రమే ఉండవచ్చు. విత్తనపు కాయలను తిండి గింజలతో కలపకుండా వేరే కుండలో దాచే అలవాటు మన ఇళ్లలో ఉండనే ఉన్నది.

ఇప్పుడు ఎలా తీయాలో చెబుతాము. విండోస్ గుర్తు ఉన్న మీటను, ఆర్ అక్షరాన్ని కలిపి నొక్కితే ఒక చిన్న గడి వస్తుంది. అందులో యాప్‌డేటా అనే మాటను ఇంగ్లీషు అక్షరాలలో రెండు శాతం గుర్తుల మధ్య టైపు చేసి ఎంటర్ నొక్కండి. మామూలుగా కంటికి కనబడని ఫోల్డరు తెరుచుకుంటుంది. అందులో స్టార్‌డ్యూ వ్యాలీ, దాని లోపల సేవ్స్ అని ఉంటుంది. ఆటలోని రైతు పేరుతో ఉన్న ఫోల్డరే మీవాని పొలం. దానిని ముక్కలు చేయకుండా మొత్తంగా కాపీ చేయండి. ఇతర ఆటలు తమ సేవ్‌లను డాక్యుమెంట్స్‌లో, సేవ్డ్ గేమ్స్‌లో, ఇంకా ఎక్కడెక్కడో పెడతాయి. వాటిని వెదకడానికి లూడుసేవి అనే ఉచిత ప్రోగ్రాం ఉన్నది. చాలా ఆటల సేవ్‌లను అదే కనిపెట్టి ఒకచోట చేరుస్తుంది.

క్లౌడ్‌లో ఉంటాయి గదా అని ఎవరైనా చెబితే ఆ మాట మీద మాత్రమే ఆనుకోవద్దు. అన్ని ఆటలకూ ఆ సదుపాయం లేదు. ఇంటర్నెట్ లేకుండా ఆడిన రోజులది పైకి వెళ్లి ఉండకపోవచ్చు. మరియొక సంగతి, క్లౌడ్ ఇక్కడ ఉన్నదానిని అక్కడ అలాగే దిద్దుతుంది. ఇక్కడ సేవ్ పాడైతే అక్కడికి కూడా పాడైనదే చేరవచ్చు. నకలు అంటే మనం ముట్టని ప్రతి.

ఫార్మాట్‌కు ముందే కువైటులోని అన్నకు ఫోను చేసి, ఆ ఖాతాకు ఏ ఈమెయిలు పెట్టాడో, దాని పాస్‌వర్డ్ ఏమిటో, ధృవీకరణ కోడు ఎక్కడికి వస్తుందో కనుక్కోండి. ఇక్కడి పాత సిమ్‌కు వస్తుందంటే వెంటనే మార్పించండి. చాలాకాలం రీఛార్జి చేయని నంబరును కంపెనీవారు మరొకరికి ఇచ్చివేస్తారు. ఆ తరువాత పాతిక ఆటల తాళంచెవి ముక్కూ మొగమూ తెలియని వ్యక్తి జేబులో ఉంటుంది. శుక్రవారం అక్కడ సెలవు గనుక అతడు తీరికగా మాట్లాడగలడు.

నకళ్లు ఎక్కడ ఉంచాలి? కంప్యూటరువారు మూడు, రెండు, ఒకటి అని ఒక లెక్క చెబుతారు. మొత్తం మూడు ప్రతులు, రెండు రకాల వస్తువుల మీద, ఒకటి వేరే ఊరిలో. ఆటలకు ఇంత కట్టుదిట్టం అక్కరలేదని మా అభిప్రాయం. సేవ్‌లకు మాత్రం కంప్యూటరులో ఒకటి, బయటి హార్డు డిస్కులో ఒకటి, మేనమామ ఇంటిలో పెన్ డ్రైవులో ఒకటి ఉంటే నిశ్చింత. ఇన్‌స్టాలర్లకు హార్డు డిస్కు ఒక్కటి చాలు. డిస్కును పని కాగానే ఊడదీయండి. ఎప్పుడూ తగిలించి ఉంచితే, కరెంటు తీగ వెంట వచ్చిన పిడుగు కంప్యూటరును, నకలును ఒకేసారి తీసుకుపోతుంది. పెన్ డ్రైవు మోసుకుపోవడానికి మంచిది గాని ఏళ్ల తరబడి దాచడానికి దానినొక్కదానినే నమ్మకూడదు. ఆరు నెలలకొకసారి బయటకు తీసి, తెరుచుకుంటున్నదో లేదో చూడాలి. డిస్కు మీద తేదీ వ్రాసిన కాగితం అంటించండి. మా అనుభవంలో ఈ పని అందరూ రేపు చేద్దామంటారు.

అన్నిటికీ నకలు తీయాలా అంటే, వద్దంటాము. ఆ పాతిక ముప్పై ఆటలలో ఆ అన్నదమ్ములు మళ్లీ ముట్టేవి ఎన్ని? ఆడి ముగించినవి, నచ్చక వదిలినవి ఖాతాలోనే ఉండనివ్వండి. తగ్గింపు ధర ఉన్నదని కొని తెరవని ఆటల కోసం మరో డిస్కు కొనడం చిల్లు కుండకు మూత చేయించడమే. దుకాణం మూతపడితే బాధపడే ఆటలు ఏవో పిల్లవానినే వ్రాయమనండి. అయిదో ఆరో తేలుతాయి.

ఇది న్యాయమేనా అని అడిగేవారున్నారు. 1957 నాటి మన కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షను ప్రకారం, కంప్యూటర్ ప్రోగ్రామును న్యాయంగా పొందినవారు అది పోకుండా, పాడుకాకుండా తాత్కాలిక రక్షణగా నకలు తీసుకోవచ్చు. అది తన వాడకానికే. ఆ నకలును తరగతిలో పదిమందికి ఎక్కించి ఇస్తే అది నకలు కాదు, అమ్మేవాని కూలిని ఎగవేయడం. స్టార్‌డ్యూ వంటి ఆట వెనుక ఒక మనిషి శ్రమ ఉన్నది. ఇక ఇతరుల హక్కును భంగపరచే ఉద్దేశముతో ఆట తాళాన్ని పగలగొట్టడం 2012 సవరణ ప్రకారం శిక్షార్హము. రెండేళ్ల వరకు జైలు, జరిమానా ఉన్నాయి. తాళం తీసిన ఆటల పేరుతో ఇంటర్నెట్‌లో దొరికేవాటిలో వైరస్ కూడా తరచుగా ఉంటుంది.

మా పాఠకులలో ఎక్కువమంది ఇళ్లలో కంప్యూటరు లేదు, ఫోనే ఉన్నది. అక్కడి ప్రమాదం వేరు. పిల్లలు తొందరలో ఏ ఖాతా లేకుండా "గెస్ట్" అని నొక్కి ఆట మొదలుపెడతారు. రెండేళ్లు ఆడతారు. పండుగకు తండ్రి కొత్త ఫోను తెచ్చి, పాతదానిని ఎక్స్‌చేంజికి ఇచ్చివేస్తాడు. దానితో ఆ రెండేళ్లు పోతాయి. కంపెనీవారిని అడిగినా గెస్ట్ ఎవరో వారికి కూడా తెలియదు. గనుక పాత ఫోను ఇచ్చేముందు ఒక్కొక్క ఆటను తెరిపించి, సెట్టింగులలో ఏదైనా ఖాతా పేరు కనబడుతున్నదో లేదో పిల్లలనే చూడమనండి. కనబడకపోతే అక్కడికక్కడే ఇంటి ఈమెయిలుతో కలిపించి, కొత్త ఫోనులో ఆట తెరచి పాత అంకెలు వచ్చాయని వారు చెప్పిన తరువాతనే పాత ఫోనును దుకాణదారునికి ఇవ్వండి.