తిరిగివచ్చినవాడికి తలుపు తీసిన ఊరు

ఉగ్రవాదం మాట వస్తే మనవాళ్ళు రెండే మందులు చెబుతారు: జైలు, తూటా. నేనూ చాలాకాలం అలాగే వాదించాను. డెన్మార్కులోని ఆర్హస్ నగరం సంగతి చదివాక ఆ ధీమా కొంత సడలింది.

ఆ దేశంలో రెండవ పెద్ద నగరమది. 2013 చివరినాటికి అక్కడినుంచి సుమారు 30 మంది సిరియా యుద్ధానికి వెళ్ళారు. వారిలో ఎక్కువమంది ఒకే మసీదుకు వెళ్ళేవారు. దాన్ని మూసేయాలని రాజకీయ నాయకులు పట్టుబడుతుంటే, నగర పోలీసులు, పురపాలక సంఘంవారు ఆ మసీదు పెద్దలతోనే కూర్చుని మాట్లాడారు. తిరిగివచ్చినవారిలో నేరానికి ఆధారాలుంటే కేసు పెడతారు. లేనివారికి వైద్యం, ఆగిపోయిన చదువు, ఉద్యోగం, ఉండడానికి ఇల్లు చూసుకోవడంలో సాయం చేస్తారు. అన్నిటికీ మించి తోడుగా ఒక మనిషిని ఇస్తారు. ఆ తోడు ఉపన్యాసమివ్వడు, విశ్వాసం వదులుకోమనడు. ఇంటి తగవులూ, పరీక్షల భయమూ వింటాడు. 2014లో ఆ ఊరినుంచి కొత్తగా వెళ్ళినవారు ఒకరో ఇద్దరో.

అదంతా ఈ పద్ధతి మహిమేనని నేననను. వెళ్ళదలచినవాళ్ళు అప్పటికే వెళ్ళిపోయి ఉండవచ్చు కూడా. 2015 ఫిబ్రవరిలో కోపెన్‌హేగెన్‌లో ఒక యువకుడు ఇద్దరిని కాల్చి చంపినప్పుడు, ఇదా మీ మెతకదనం ఫలితం అన్నవారున్నారు. అయితే ఆ యువకుడు జైలునుంచి విడుదలై రెండు వారాలే అయింది. మొదటి మందు అప్పటికే వాడి చూశారన్నమాట.

ఇది చదువుతూంటే హైదరాబాదులో అద్దె ఇంటికోసం తిరిగిన రోజు గుర్తుకు వచ్చింది. 'టు లెట్' బోర్డు చూసి నేనూ, నా మిత్రుడూ మెట్లెక్కాం. ఇంటావిడ మంచినీళ్ళిచ్చి మా పేర్లు అడిగారు. అతని పేరు విన్నాక, "నిన్ననే ఎవరో అడ్వాన్సు ఇచ్చి వెళ్ళారు బాబూ" అన్నారు. మరుసటి ఆదివారం కూడా బోర్డు అక్కడే వేలాడుతోంది.

"నీకైతే ఇస్తారురా, తీసుకో" అన్నాడతను. తీసుకున్నాను.

అతను ఏ దారీ తప్పలేదు. ఇవాళ బ్యాంకులో ఉద్యోగం చేసుకుంటున్నాడు. ఇల్లు దొరకనంత మాత్రాన ఎవరూ బాంబు పట్టుకోరని నాకూ తెలుసు. కానీ "ఈ ఊరు నీది కాదు" అని చెవిలో ఊదడానికి కాచుకున్నవాడికి, ఆ రోజు మేమిద్దరం, ఇంటావిడా నేనూ, సగం పని చేసిపెట్టాం. పైగా నేను మంచినీళ్ళు తాగి మరీ వచ్చాను.

ఆ ఇంట్లో రెండేళ్ళున్నాను. అతను ఒక్కసారీ రాలేదు. నేను పిలవనూ లేదు.