రోగి నడుగని ప్రశ్న

ఊపిరితిత్తుల కాన్సరని తేలిననాడు పెక్కు తెలుగు కుటుంబములలో మొదట జరుగునది వైద్యుని గది వెలుపలి మంతనము. "నాన్నగారితో చెప్పకండి" అని కుమారుడు వేడుకొనును. రోగితో నిమ్ము చేరినదందురు. మూడు వారముల కొకసారి చేతికి మందు నెక్కించుచుండగా, జుట్టు రాలుచుండగా, నిమ్ము కింతటి మందా యని ఆయన యోచించును. క్రమముగ ఆయనకు తెలిసిపోవును. తెలిసినదని పిల్లలకు తెలియరాదని ఆయన పాట్లు ఆయనవి. ఇది ప్రేమయే కావచ్చును. దాని ఫలము మాత్రము ఒంటరితనము.

పైగా ఈ వ్యాధికొక నింద తోడు. పలుకరింప వచ్చిన ప్రతివారును "చుట్ట కాల్చెడివారా?" అని విచారింతురు. పొగాకు ప్రధాన కారణమనుట నిజమే. ఎన్నడును పొగ త్రాగనివారికి, అందు స్త్రీలకు, ఇది వచ్చుటయు నిజమే. అయినను, త్రాగినవాడు మాత్రము కనికరమున కర్హుడు కాడా?

ఆయాసము భయమును పెంచును, భయము ఆయాసమును పెంచును. చిన్న చేతి ఫాను గాలి ముఖమునకు తగిలినను కొందరికి ఊరట కలుగును. వాంతులు రాకుండుటకై యిచ్చు స్టీరాయిడ్లు నిద్రను చెరచును. ఆ చిరాకు మందుదని యెరుగక ఇంటివారు నొచ్చుకొందురు.

మనసును విచారించుట చికిత్సకు వెలుపలి దయాకార్యమని తలచువారు 2010లో వెలువడిన బోస్టన్ పరిశోధనను చూడవలెను. ఊపిరితిత్తుల కాన్సరు ముదిరి వ్యాపించిన 151 మందిలో కొందరికి, మామూలు చికిత్సతోపాటు, మొదటినుండియే ఉపశమన వైద్యుల తోడు కల్పించిరి. 12 వారములకు వీరిలో కుంగుబాటు నూటికి 16 మందిలో, తక్కినవారిలో నూటికి 38 మందిలో కనబడెను. చివరి దినములలో తీవ్రచికిత్సలు తక్కువగ పొందియు వీరు మధ్యగత లెక్కలో 11.6 నెలలు జీవించిరి, తక్కినవారు 8.9 నెలలు.

సత్యమును రోగిపై గ్రుమ్మరింపుమని ఎవరును కోరుట లేదు. ఎంత తెలియవలెనో ఆయననే అడుగవచ్చును. వేదనను 0 నుండి 10 వరకు గుర్తింపజేయు కొలబద్ద యొకటి కలదు. 4 గాని, అంతకు మించిగాని ఉన్నచో మరింత విచారింపవలెను. నిమిషము పట్టని పని. కాని నర్సు ఆ కాగితమును అందించునపుడు చేయి చాచునది తరచుగ ప్రక్కనున్న కుమారుడే.