మా కూర నీచు కాదు

తెలుగులో మాంసాన్నీ చేపనూ "నీచు" అంటారు. అది వాసనను బట్టి వచ్చిన మాటేనని ఎవరైనా సర్దిచెప్పవచ్చు. కాని "మీరు నీచు తింటారా?" అని మమ్మల్ని అడిగేటప్పుడు ఆ గొంతులో వినిపించేది వాసన కాదు, అంతస్తు. ఎండుచేప, పీత, నత్త, ఎర్రచీమల గుడ్లు తినే మా పిల్లలు బడిలో చేరిన కొత్తలోనే ఒక పాఠం నేర్చుకుంటారు: ఇంట్లో ఏం తిన్నామో బయట చెప్పకూడదు. ఆ పాఠం ఏ పుస్తకంలోనూ లేదు. అయినా మాకు కంఠతా వచ్చు.

సిగ్గు సంగతి అలా ఉంచి లెక్క చూద్దాం. ప్రొటీన్లకు బడి పుస్తకాల్లో ఉన్న పేరు మాంసకృత్తులు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం 55 కిలోల బరువున్న స్త్రీకి రోజుకు సుమారు 46 గ్రాముల మాంసకృత్తులు కావాలి. గర్భిణికీ బాలింతకూ ఇంకా ఎక్కువ కావాలి. 2013 నాటి ఆహార భద్రతా చట్టం మామూలు కార్డుకు మనిషికి నెలకు ఇచ్చేది 5 కిలోల తిండిగింజలు. అంటే రోజుకు 165 గ్రాముల బియ్యం. అందులో ఉండే మాంసకృత్తులు 12, 13 గ్రాములే. మిగతా 33 గ్రాములు ఎక్కడినుంచి రావాలి?

ఒకప్పుడు అడవి ఇచ్చేది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నేరం చేసింది. 2006 అటవీ హక్కుల చట్టం తేనె మీద, దుంపల మీద, చేపల మీద మా హక్కును ఒప్పుకుంది. వేటను మాత్రం పేరుపెట్టి మినహాయించింది. వేటను మళ్లీ తెరవమని మేం అడగడం లేదు. అడవిలో జంతువులు తగ్గాయని అందరికంటే ముందు తెలిసింది మాకే. మా ప్రశ్న ఒక్కటే: మా కంచంలోంచి ఒక కూర తీసేసినప్పుడు దాని బదులు ఏం పెట్టారు? తెల్ల బియ్యం పెట్టారు. చోళ్లు, సామలు, కందులు పండిన పోడుల్లో ఎన్నోచోట్ల జీడిమామిడి వచ్చింది. చింతపల్లి, పాడేరు కొండల్లో మేం పండించే రాజ్‌మా సంతలో కాటా ఎక్కి వెళ్లిపోతుంది. నాటుకోడీ దాని వెంటే పోతుంది. అరకు రోడ్డు పక్కన బొంగు చికెన్ పర్యాటకులకు రుచి. మా ఇంట్లో ఉడికితే అదే నీచు!

ఫలితం కళ్లముందే ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో అయిదేళ్లలోపు గిరిజన పిల్లల్లో నూటికి 41 మంది వయసుకు తగ్గ ఎత్తు ఎదగలేదు. గిరిజన స్త్రీలలో నూటికి 65 మందికి రక్తహీనత. అన్ని కులాలూ కలిపిన దేశ సగటు 36, 57. దీనికంతటికీ మాంసమే మందు అనం. మలేరియా ఉంది, నులిపురుగులున్నాయి, సికిల్ సెల్ జబ్బు ఉంది. కాని మాంసంలోని, కాలేయంలోని ఇనుము ఆకుకూరలోని ఇనుముకంటే బాగా ఒంటబడుతుంది. బి12 విటమిన్ సహజంగా దొరికేది మాంసం, చేప, గుడ్డు, పాలల్లోనే. మాలో చాలా తెగలకు పాలు పితికే ఆచారం లేదు, పాలు దూడవి. ఇక మాంసం, గుడ్డు కూడా మానమంటే మాకు మిగిలేదేమిటి?

"శాకాహారమే ఆరోగ్యం" అని ఉపన్యాసం చెప్పేవారి విస్తట్లో ముద్దపప్పు, పెరుగు, నెయ్యి ఉంటాయి. మాకు దొరికే శాకాహారం నీళ్ల చారు. 2015లో మధ్యప్రదేశ్‌లో, అలీరాజ్‌పూర్, మండ్లా వంటి గిరిజన జిల్లాల అంగన్‌వాడీల్లో గుడ్డు పెడదామన్న ప్రతిపాదనను ముఖ్యమంత్రే తోసిపుచ్చారు. ఆకలి ఒకరిది, నియమం ఇంకొకరిది! మన రెండు రాష్ట్రాల మధ్యాహ్న భోజనంలో గుడ్డు ఉంది. అది దయ కాదు, పిల్లల వాటా. దాన్ని పోనివ్వకూడదు.

మన్యంలో చచ్చిన పశువు మాంసం వల్ల ఆంత్రాక్స్ సోకిన సంఘటనలు చూపి మమ్మల్ని ఎగతాళి చేసేవారున్నారు. జబ్బుతో చచ్చిన పశువును కోయకూడదు, తినకూడదు. ఈ మాట గూడెం గూడెంలో మనమే చెప్పాలి. కాని అది మాంసం తప్పు కాదు. టీకా వేయడానికి పశువైద్యుడు కొండెక్కకపోవడం తప్పు. మనలో మనం చెప్పుకోవాల్సిన మాట ఇంకొకటుంది. కూర ముందు మగవాళ్లకు వడ్డించి, మిగిలింది ఆడవాళ్లు తినే ఇళ్లు మనలోనూ ఉన్నాయి. రక్తం తక్కువైంది ఎవరికో పైన లెక్క చెప్పింది. వడ్డన వరుస మారాలి.

కాబట్టి మేం అడుగుతున్నాం. రేషన్ దుకాణంలో బియ్యంతోపాటు కందులో, ఉలవలో, మా కొండ రాజ్‌మానో ఇవ్వండి. ఐటీడీఏలు గూడేలకు నాటుకోళ్లు, మేకలు ఇవ్వాలి, చెరువుల్లో చేపపిల్లలు వదలాలి. తమ్ముళ్లూ చెల్లెళ్లూ, సంతలో కోడిని అమ్మిన డబ్బుతో చిప్స్ పొట్లం కొనకండి. టీచర్లూ, తరగతిలో మాంసకృత్తుల పాఠం వచ్చిన రోజు బోర్డు మీద పాలు, పన్నీరు కింద ఎండుచేప, పీత, నత్త, ఉలవలు కూడా రాయండి. వాటిలో ఏవి ఎవరింట్లో వండుతారో పిల్లల్ని అడగండి. చేతులు పైకి లేచేదాకా ఆగండి.